చివరి నల్లా నీళ్లలో పసుపు రంగు

నీళ్ల ల్యాబులో చేరిన రోజు మీకు ఎవరైనా నేర్పే మొదటి పని పసుపు రంగు చూడటం. చిన్న గాజు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తారు. నీళ్లలో క్లోరిన్ మిగిలి ఉంటే లేత పసుపు రంగు వస్తుంది. లేకపోతే నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. రంగు వస్తే ఆ ఊరి గురించి నిశ్చింతగా ఉండొచ్చు. రాకపోతే ఎవరి కడుపో చెడబోతున్నట్టే. ముప్పై ఏళ్ల నా ఉద్యోగాన్ని కుదిస్తే ఇంతే మిగులుతుంది. ఇంతోటి పనికి అంత జీతమా అని మా ఆవిడ ఇప్పటికీ వేళాకోళం చేస్తుంది.

మొన్న ల్యాబులో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు నల్లగొండలో మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్లు. కూర్చోగానే ఒకమ్మాయి అడిగింది. "సార్, క్లోరిన్ వేస్తే నీళ్లలో కొత్త పదార్థాలు పుడతయంట గదా, వాటితోటి క్యాన్సర్ వస్తదంటరు. జనానికి చెప్పాల్నా వద్దా?"

టీ చల్లారిపోతోంది, ముందు తాగండమ్మా అని మాట మార్చేశాను. ఆ ప్రశ్నకు నేను ఒకసారి జవాబు చెప్పి ఉన్నాను. దానివల్ల ఏం జరిగిందో ఆ పిల్లల ముందు చెప్పడానికి ఆ రోజు ధైర్యం చాలలేదు. అందుకే ఇప్పుడు వాళ్లకోసం రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎక్కడికి బదిలీ అయింది లాంటివి ఇందులో ఉండవు. వాటిని చదివి బాగుపడ్డవాళ్లను నేను చూడలేదు.

బాపు గాబులు

మాది భువనగిరి దగ్గర చేనేత కుటుంబం. బాపు నూలుకు రంగులు అద్దేవాడు. ఇంటి వెనక రెండు గాబులు ఉండేవి. ఒకటి నూలు కడగడానికి, ఒకటి రంగుకు. కొత్త నూలుకు జిడ్డు ఉంటుంది. సోడా వేసి ఉడకబెట్టి, రెండుమూడు నీళ్లు మార్చి పిండితే గాని ఆ జిడ్డు పోదు. చేతులు పగిలే పని. ఒకసారి బాపు ఊళ్లో లేనప్పుడు నేను ఆ కడుగుడు ఎగ్గొట్టి నూలును నేరుగా ఎర్ర రంగులో ముంచాను. ఆరేసి చూస్తే ఒకచోట ముదురు, ఒకచోట వెలవెల. గాబులో రంగు మాత్రం మొత్తం అయిపోయింది.

బాపు వచ్చి చూసి కొట్టలేదు. "మురికి మీద రంగేస్తే మురికే తాగుతదిరా, నూలు తాగదు. ముందుగాల కడుగు, ఎనుక రంగెయ్యి," అన్నాడు.

తర్వాత నేను కెమిస్ట్రీలో డిగ్రీ మీద డిగ్రీ చదివాను. అమ్మాయిలూ, మీరు అడిగిన విషయమంతా ఆ ఒక్క మాటలో ఉందని తెలియడానికి మాత్రం నాకు యాభై ఏళ్లు దాటాయి. చెరువు నీళ్లలోనూ, జలాశయం నీళ్లలోనూ కుళ్లిన ఆకులుంటాయి, నాచు ఉంటుంది, కంటికి కనపడకుండా కరిగిన మట్టి సారం ఉంటుంది. అవి ఉండగానే క్లోరిన్ కలిపితే క్లోరిన్ క్రిముల దాకా పోకముందే వాటిని పట్టుకుంటుంది. అది ఖర్చైపోవడం ఒక నష్టం. వాటితో కలిసి కొత్త పదార్థాలు తయారుకావడం రెండో నష్టం. వాటిలో ఒక రకాన్ని ట్రైహలోమీథేన్లు అంటారు. ఒకప్పుడు ఆపరేషన్లకు మత్తుమందుగా వాడిన క్లోరోఫామ్ ఆ కుటుంబంలోదే. అవి పరిమితికి మించి ఉన్న నీళ్లను ఏళ్ల తరబడి తాగితే మూత్రాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత పెరుగుతుందేమోనని శాస్త్రజ్ఞుల అనుమానం. గర్భిణుల విషయంలో కూడా అనుమానాలున్నాయి గాని అవి ఇంకా తేలలేదు. "ఏమో", "కొంత", "ఏళ్ల తరబడి" అనే మాటలను నేను ఊరికే రాయలేదు. వాటిని వదిలేయడమే నేను చేసిన తప్పు.

మా ఈఈ సారు

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు మా జిల్లాలో ఊరూరికీ కృష్ణ నీళ్ల పైపులైను చేరింది. ఆ రోజులు చూడనివాళ్లకు దాని విలువ చెప్పడం కష్టం. తరాలుగా మా దగ్గర బోరు నీళ్లలో ఫ్లోరైడ్. పళ్లు గార పట్టేవి, ముప్పై ఏళ్లకే మోకాళ్లు పట్టేసేవి, నడుములు వంగిపోయేవి. ఫ్లోరైడ్ ఎంత ఉందో కొలిచి కాగితం మీద రాయడం తప్ప మా ల్యాబు చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. రోగం పేరు చెప్పి మందు లేదనే డాక్టరులాగా పాతికేళ్లు పనిచేశాను. కృష్ణ నీళ్లు వచ్చిన నాడు నల్లా తిప్పి దోసిట్లో పట్టుకుని నేనే ఏడ్చాను.

అప్పటి మా ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సారు, ఒంటిచేత్తో పనిచేసే మనిషి. ఎండలో పైపుల వెంట తానే నడిచేవాడు. ఆయనకు ఒకే ఒక్క కొలత ఉండేది. "చివరి నల్లాల పసుపు రావాలె భాస్కర్. రాకుంటే నా మొహం సూడకు," అనేవాడు.

రెండో ఎండాకాలం జలాశయంలో నీళ్లు అడుగంటి పచ్చబడ్డాయి. ప్లాంటులో ఎప్పటిలాగే క్లోరిన్ వేస్తున్నా లైను చివర ఉన్న ఊళ్లలో గొట్టం తెల్లగానే ఉంటోంది. ఈఈ సారు నుంచి ఫోన్ మీద ఫోన్. నేను ఏం చేశాను? ముడి నీళ్లు ప్లాంటులోకి వచ్చేచోటనే, పటిక వేసి నాచును దించకముందే, ఇసుక ఫిల్టర్లలో వడకట్టకముందే క్లోరిన్ మోతాదు పెంచమని రాసి సంతకం పెట్టాను. కడగని నూలుకు రంగు వేసిన పిల్లవాడు పెద్దవాడై మళ్లీ అదే పని చేశాడు. మూడు రోజుల్లో చివరి నల్లాలలో పసుపు వచ్చింది. ఈఈ సారు భుజం తట్టాడు. నేనూ పొంగిపోయాను. ఎండాకాలం చాలావరకు అలాగే నడిచింది.

లచ్చవ్వ ముక్కు

నకిరేకల్ దాటి లోపలికి పోతే లైను చివరన ఒక ఊరు ఉంది. పేరు రాయను. అక్కడ ట్యాంకు నడిపేవాడు యాదయ్య. వాల్వులు తిప్పడం, ప్లాంటు నుంచి వచ్చిన నీళ్లకు ఊరి ట్యాంకులో మరికాస్త బ్లీచింగ్ పౌడర్ కలపడం అతని పని. ఒక్క రోజు నాగా పెట్టేవాడు కాదు. ఆ ఊళ్లో ఆఖరి నల్లా యాదయ్య తల్లి లచ్చవ్వ ఇంటి ముందుదే. కాబట్టి నేను పరీక్షకు పోయినప్పుడల్లా ఆమె గడప ముందే కూర్చునేవాణ్ని.

లచ్చవ్వ నడుము బోరు నీళ్లకు ఎప్పుడో వంగిపోయింది. నాతో మాట్లాడటానికి తల పక్కకు తిప్పి పైకి చూసేది. కృష్ణ నీళ్లు వచ్చాక నొప్పులు జర నయమని ఊరంతా చెప్పేది. నడుము మాత్రం ఇక లేవదని ఆమెకూ తెలుసు. ఆ ఎండాకాలం గొట్టంలో మంచి పసుపు వచ్చి నేను సంబరపడుతుంటే ఆమె మొహం చిట్లించింది.

"ఏం రంగో ఏమో కొడుకా. గీ నీళ్లు దవాఖాన వాసనొస్తున్నయ్. నోట్లె పోసుకోబుద్ధి అయితలేదు."

"క్రిములు చావాలంటే వేయాలె గదా అవ్వా."

"క్రిములు సచ్చుడు సరే, నేను సస్తనేమో," అని నవ్వింది. "పాత బోరు నీళ్లే నయమనిపిస్తాంది. యాదిగానికి ఎరుకలేకుంట రెండు బిందెలు తెప్పించుకున్న."

ఏ నీళ్లు ఆమెను వంచేశాయో మళ్లీ ఆ నీళ్ల దగ్గరికే పోతోంది. వాసన సంగతి తేల్చాలనుకున్నాను. మా ల్యాబులో ఆ పరీక్ష చేసే యంత్రం లేదు. హైదరాబాదులో తెలిసిన ల్యాబుకు నమూనా పంపాను. ట్రైహలోమీథేన్లు పరిమితి దాటాయని కాగితం వచ్చింది.

ఈఈ సారు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. సొరుగులో పెట్టి తాళం వేశాడు. "ముందుగాల ప్లాంటు సరిజేద్దాం. చెప్పుడు గిప్పుడు తర్వాత," అన్నాడు.

అదే వారం పని మొదలుపెట్టాం. ముందు వేసే క్లోరిన్ తగ్గించి, పటికతో నాచు దించి, ఫిల్టర్లు కడిగి, వడకట్టిన నీళ్లకే క్లోరిన్ వేయడం మొదలుపెట్టాం. వాసన తగ్గింది. అయితే నాకు ఆ సొరుగు చప్పుడు చెవుల్లోంచి పోలేదు. నిజాన్ని తొక్కిపెడుతున్నాడు, నేనైనా జనానికి చెప్పాలి అని ఉడికిపోయాను. నా సంతకంతోనే ఆ నీళ్లు అట్లా తయారయ్యాయన్న సిగ్గు కూడా అందులో ఉంది. అప్పుడు ఒప్పుకోలేదు గాని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నేను చెప్పిన మాట

తర్వాతి సారి ఆ ఊరికి పోయినప్పుడు లచ్చవ్వ గడప ముందే, యాదయ్య, ఇంకో నలుగురైదుగురు ఉండగా చెప్పాను. "అవ్వ చెప్పింది నిజమే. క్లోరిన్ ఎక్కువైతే నీళ్లలో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు పుడతయ్. మన నీళ్లల్ల కూడా పుట్టినయ్. కాగితం వచ్చింది."

లచ్చవ్వ "సూసినవా, నా ముక్కు అబద్ధం చెప్పది," అని కొడుకు వైపు తిరిగింది. నేను ఆమె ఇచ్చిన టీ తాగి, చాలా ధైర్యమైన పని చేశాననుకుంటూ బండెక్కాను. ప్లాంటులో మార్పు చేశామని చెప్పాను గాని, దానివల్ల ఇప్పుడు ఊరిదాకా వచ్చే క్లోరిన్ తక్కువ, కాబట్టి ఊరి ట్యాంకులో వేసే పౌడర్ మునుపటికంటే అవసరమని చెప్పలేదు. అది నాకు తెలిసిన సంగతే. చెప్పాలని తోచలేదు.

పది రోజులకు తొలకరి పడింది. ఆ మరుసటి పొద్దున యాదయ్య ఫోన్ చేశాడు.

"సారూ, వాడల ఇంటికొగలకు కక్కుడు, బేదులు. అవ్వను నకిరేకల్ దవాఖానకు దీస్కొచ్చినం. జర మీరు రాండ్రి."

నేను నేరుగా ఊరికే పోయాను. ఆఖరి నల్లా నీళ్లలో చుక్కలు వేశాను. రంగు లేదు. ట్యాంకు నీళ్లలో వేశాను. అక్కడా లేదు. మురుగు మోరీ దాటే చోట పైపు జాయింటు వదులై వాన నీళ్లు, మురికి లోపలికి దిగుతున్నాయి. అటువంటి లీకులు మా లైన్లలో కొత్త కాదు. నీళ్లలో కాస్త క్లోరిన్ మిగిలి ఉంటే చాలావరకు అదే కాచుకుంటుంది. ట్యాంకు కింది గదిలో చూస్తే బ్లీచింగ్ పౌడర్ సంచులు కట్టు విప్పకుండా వరసగా ఉన్నాయి.

సాయంత్రం దవాఖాన వరండాలో యాదయ్యను అడిగాను. "ఎందుకు బంద్ చేసినవ్?"

అతను నన్ను వింతగా చూశాడు. "మీరే చెప్తిరి గద సారూ, క్యాన్సరొస్తదని. ఊరందరు తాగే నీళ్లాయె. నా చేతుల్తోని విషం ఎట్ల కలపాలె?"

"ఎక్కువైతే అన్న యాదయ్యా."

"ఎంతైతే ఎక్కువో నాకేమెరుక సారూ? గొట్టం మీతానే ఉంటది."

ఇన్నేళ్లూ మేము ఊళ్ల వాళ్లకు పౌడర్ సంచులు ఇచ్చాం. కొలుచుకునే గొట్టం మాత్రం ల్యాబు సొత్తని మా దగ్గరే ఉంచుకున్నాం. అతను గుప్పెటతో కలిపేవాడు, మేము వచ్చి రంగు చూసి పోయేవాళ్లం. ఆ రోజు నా బండి పెట్టెలో ఉన్న పరీక్ష డబ్బా తీసి యాదయ్యకు ఇచ్చి, చుక్కలు ఎన్ని వేయాలో, ఏ రంగు దాకా చాలో ఆ వరండాలోనే చూపించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

మిగతావాళ్లంతా కోలుకున్నారు. లచ్చవ్వ రెండో రోజు పోయింది. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదని నర్సు చెప్పింది. వంగిన మనిషిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టలేక పక్కకు తిప్పి పడుకోబెట్టారు. అట్లాగే పోయింది.

అడిగినప్పుడు

విచారణకు పెద్ద అధికారి వచ్చాడు. పౌడర్ ఎందుకు వేయలేదని యాదయ్యను నిలబెట్టి అడిగాడు. నేను అక్కడే కుర్చీలో ఉన్నాను. యాదయ్య ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నాడు. "మర్సిపోయిన సార్," అన్నాడు. తల్లి చనిపోయి అప్పటికి నాలుగో రోజు.

నేను లేవలేదు. ఇది రాయడం కష్టంగా ఉంది గాని రాయకపోతే మిగతాదంతా ఎందుకు? ఆ పూట నేను నోరు విప్పలేదు. తెల్లవారి ఈఈ సారు ఇంటికి పోయి జరిగింది మొత్తం చెప్పాను, కాగితం మీద రాసిచ్చాను.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "నీళ్లల్ల ఏమున్నదో చెప్పినవ్. ఎంతున్నదో చెప్పలే, ఎన్నేండ్లు తాగితే ఏమైతదో చెప్పలే. క్లోరిన్ లేకుంటే రేపొద్దుగాల ఏమైతదో అస్సలే చెప్పలే. సదువుకున్నోనివి, సగం మాట చెప్తే ఎట్ల భాస్కర్?"

ఆయన మాట నిజం. అయినా ఆయన్నీ నేను వదిలిపెట్టను. కాగితం సొరుగులో పెట్టకుండా, సర్పంచినీ ట్యాంకు నడిపేవాళ్లనూ పిలిచి, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పి ఉంటే నాలాంటి వాడు గడప ముందు కూర్చుని వీరుడిలా వాగాల్సిన పని ఉండేది కాదు. దాచేవాడు ఒకడు, సగం చెప్పేవాడు ఒకడు. మా ఇద్దరి మధ్య పడి ఒక ముసలమ్మ పోయింది. యాదయ్య ఉద్యోగం మాత్రం నిలబెట్టాడు మా సారు. ఆ ఒక్క పనికి ఆయన్ను జన్మంతా గుర్తుపెట్టుకుంటాను.

అమ్మాయిలూ, మీరు అడిగినదానికి

చెప్పండి. తప్పకుండా చెప్పండి. చెప్పొద్దనే బాసుతో పోట్లాడండి. అయితే రెండు ప్రమాదాలూ ఒక్క నోటితోనే చెప్పండి. క్లోరిన్ వల్ల పుట్టేవాటితో ప్రమాదం ఏళ్ల మీద వచ్చే సంగతి, అదీ పరిమితి దాటి చాలాకాలం తాగితే. క్లోరిన్ లేని నీళ్లతో ప్రమాదం రేపటికే వస్తుంది. మొదటిదానికి భయపడి రెండోదాన్ని తెచ్చుకుంటే, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టే.

మొదటిదానికి మందు క్లోరిన్ మానేయడం కాదు, ముందు నీళ్లు కడగడం. నాచు దించారా, ఫిల్టర్లు కడిగారా, ట్యాంకు అడుగున బురద ఎత్తారా అని చూసి, ఆ తర్వాతే క్లోరిన్ వాల్వు ఎంత తిప్పాలో ఆలోచించండి. చివరి నల్లాలో పసుపు వచ్చిందని మురిసిపోకండి. ఆ పసుపు కోసం మొదట్లో ఎంత పోశారో కూడా అడగండి. జలాశయం పచ్చబడిన రోజుల్లో హైదరాబాదు పరీక్ష చేయించాల్సిందేనని పట్టుబట్టండి. వాసన అని ఏ ఇల్లాలైనా అంటే విసుక్కోకండి. నీళ్లు పట్టి కాసేపు వెడల్పు గిన్నెలో పల్చటి గుడ్డ కప్పి ఉంచితే వాసన చాలావరకు పోతుందని చెప్పండి. పాత బోరుకు మాత్రం పోనివ్వకండి.

ఇంకొకటి. ఎవరికైనా ఏదైనా చెప్పాక, నేనేం చెప్పానో మళ్లీ నాకు చెప్పమని అడగండి. అది మా చదువులో ఎక్కడా లేదు. నేను ఆ రోజు యాదయ్యను ఆ ఒక్క మాట అడిగి ఉంటే, "పౌడర్ బంద్ జెయ్యమన్నరు" అని అక్కడే చెప్పేవాడు. నేను బండి దిగేవాణ్ని.

చెంబెడు నీళ్లు

లచ్చవ్వ పదకొండో రోజుకు ఆ ఊరికి పోయాను. పిలవలేదు. పోకుండా ఉండలేకపోయాను. గడప దగ్గర నిలబడ్డాను.

యాదయ్య గుండు చేయించుకుని ఉన్నాడు. నన్ను చూసి లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేశాడు. మళ్లీ బయటికి పోయి తల్లి ఇంటి ముందు నల్లా తిప్పి చెంబు నింపి తెచ్చాడు. నాకు చెయ్యి రాలేదు. ఆ చెంబు వైపు చూస్తూ ఉండిపోయాను.

అతను ఇంకోలా అర్థం చేసుకున్నాడు. నేను నీళ్లకు భయపడుతున్నాననుకున్నాడు.

"తాగుండ్రి సారూ, ఏంగాదు," అన్నాడు. "పొద్దుగాల్నే పౌడరేసిన. మీరిచ్చిన గొట్టంల సూసిన. పసుపొచ్చింది."

చెంబు అందుకుని అడుగుదాకా తాగాను. కొంచెం దవాఖాన వాసన ఉంది.